షట్టరు దించాక

మా నాన్న కాలవ మీద లస్కరు, అంటే తూముల షట్టర్లు ఎత్తి దించి చేలకి నీళ్ళు వదిలే మనిషి. లొల్ల లాకులకి దిగువన రెండు తూములు ఆయన చేతికింద ఉండేవి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలక వంతులు పెట్టిన రోజుల్లో కాలవ చిట్టచివరనుండే శివారు రైతులు అర్ధరాత్రి టార్చిలైట్లు పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. "లస్కరుగారూ, మా చేలోకి చుక్క దిగలేదండి. వరి ఎర్రబడిపోతోందండి." నాన్న కండువా తలకి చుట్టుకుని వాళ్ళతో గట్టు వెంట బయల్దేరేవారు. సెలవుల్లో అయితే నేనూ వెనకాలే.

షట్టరు ఎత్తినప్పుడు ఆయన నీళ్ళకేసి చూసేవారు కాదు. ముప్పాతిక వంతు దించేసి, నడుచుకుంటూ శివారు బోదె (చేలోకి పోయే పిల్లకాలవ) దాకా పోయి, వంగుని ఒక గడ్డిపోచ నీళ్ళలో వేసేవారు. "ఎత్తినప్పుడు ఎక్కడికైనా తోసుకుపోతాయే అమ్మా. దించాక కూడా ఇక్కడ పోచ కదిలిందా, కాలవ బాగున్నట్టు. నిలబడిపోయిందా, మధ్యలో ఎక్కడో పూడుకుపోయిందన్నమాట" అనేవారు.

నేను కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువుకుని, ఇరవై ఏళ్ళకి పైగా కోనసీమలోనే స్కానింగులు చేస్తున్నాను. కడుపుతో ఉన్న మనిషి పొట్ట మీద ప్రోబు (స్కానింగు యంత్రం పిడి) పెట్టి డాప్లరు, అంటే నాళాల్లో రక్తం పారుదల, చూసిన ప్రతిసారీ నేను చేసేది నాన్న చేసిన గడ్డిపోచ పనే. రిపోర్టులో "పి.ఐ.", "ఎస్/డి" అని నంబర్లు చూసి, ఫోన్లో వెతుక్కుని, రాత్రంతా నిద్ర లేక పొద్దున్నే మా గుమ్మంలో నిలబడే ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను.

ముందు రంగు సంగతి. "రంగుల స్కానింగు చేయండి డాక్టరమ్మగారూ, డబ్బులెక్కువైనా ఫర్వాలేదండి" అనే అత్తగారు రోజుకి ఒకరైనా వస్తారు. బిడ్డ ఫొటోలా కనబడుతుందని ఆవిడ ఆశ. తెర మీద కనబడే ఆ ఎరుపూ నీలం రక్తం రంగులు కావు. ప్రోబు వైపుకి వస్తున్న రక్తానికి యంత్రం ఎరుపు వేస్తుంది, దూరంగా పోతున్నదానికి నీలం వేస్తుంది. మంచి రక్తం, చెడ్డ రక్తం అన్న తేడా అందులో లేదు. ప్రోబు వాలు మార్చి పెడితే ఇందాక ఎర్రగా ఉన్న నాళమే నీలంగా కనబడుతుంది. ఆడా మగా అన్నది కూడా ఆ రంగుల్లో తెలియదు. తెలిసినా చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ బోర్డు మా గోడ మీద ఉంది. ప్రతి గర్భిణికీ నింపే ఫారం మీద "లింగం చూడలేదు, చెప్పలేదు" అని సంతకం పెట్టేది నేనే. ఆ సంతకాన్ని నేను అబద్ధం చెయ్యను.

అసలు కదలిక ఎలా తెలుస్తుందంటే, 216 హైవే పక్కన నిలబడి మీదకొచ్చే బస్సు హారన్ వినండి. దగ్గరికొస్తున్నప్పుడు సన్నగా, కీచుగా ఉంటుంది. మనల్ని దాటగానే బొంగురుపోతుంది. 1842లో ప్రేగ్ నగరంలో క్రిస్టియన్ డాప్లర్ అనే ఆయన జంట నక్షత్రాల వెలుగు గురించి ఆలోచిస్తూ ఈ సూత్రం చెప్పాడు. మా ప్రోబు సెకనుకి ఇంచుమించు 35 లక్షల సార్లు కంపించే శబ్దాన్ని లోపలికి పంపుతుంది. అది చెవికి అందదు. పరుగెడుతున్న ఎర్ర రక్తకణాలకి తగిలి వెనక్కొచ్చేసరికి ఆ లెక్క కొద్దిగా మారుతుంది. ఆ తేడా వందల్లోనో, కొన్ని వేలల్లోనో ఉంటుంది. అంటే సరిగ్గా మనిషి చెవికి వినబడేంత. అందుకే స్పీకరు పెడితే "హుష్... హుష్..." అని వినిపిస్తుంది. తల్లులు అది విని ఏడ్చేస్తారు. నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. 1977లో డబ్లిన్ నగరంలో ఫిట్జ్‌గెరాల్డ్, డ్రమ్ అనే ఇద్దరు డాక్టర్లు బొడ్డుతాడులో రక్తం పరుగుని ఈ పద్ధతిలో పట్టుకున్నారు.

బొడ్డుతాడులో మూడు నాళాలుంటాయి. రెండు ధమనులు బిడ్డ నుంచి వాడేసిన రక్తాన్ని మాయకి (ప్లసెంటాకి) తీసుకెళ్తాయి. ఒక సిర శుభ్రపడిన రక్తాన్ని వెనక్కి తెస్తుంది. ధమని మీద గీత గీస్తే తెర మీద వరసగా కొండలు వస్తాయి. బిడ్డ గుండె కొట్టినప్పుడు కొండకొమ్ము. రెండు దెబ్బల మధ్య పల్లం. చూసేవాళ్ళ కళ్ళన్నీ కొమ్ము మీదకే పోతాయి. నేను చూసేది పల్లాన్ని. గుండె తోసినప్పుడు రక్తం ఎలాగూ పోతుంది. తోపు ఆగాక కూడా మాయ వైపు పారుతోందా అన్నదే ప్రశ్న. మాయలో వెంట్రుకల్లాంటి నాళాలు విచ్చుకుని ఉంటే పారుతుంది. అవి పూడుకుపోతే నెమ్మదిస్తుంది. ఎస్/డి అంటే కొమ్ము ఎత్తుని పల్లం ఎత్తుతో భాగించిన లెక్క, అంతే. పి.ఐ. కూడా ఆ కొమ్మూ పల్లం తేడానే చెప్పే ఇంకో లెక్క. 30 వారాలు దాటాక ఎస్/డి మామూలుగా 3 లోపే ఉండాలి. నెలలు నిండేకొద్దీ పల్లం ఇంకా పైకొచ్చి, ఆ లెక్క ఇంకా తగ్గుతుంది.

ఇదంతా తెలిసీ నేను ఒక బిడ్డని పోగొట్టాను.

2005 కార్తీక మాసం చివర్లో రాజోలు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఎనిమిదో నెల. తొలి కాన్పు. చీటీ మీద డాక్టరుగారు "ఎదుగుదల చూడండి" అని మాత్రమే రాశారు. తేదీల లెక్కన 33 వారాలు. తల కొలత, పొట్ట కొలత, తొడ ఎముక కొలత అన్నీ 29 వారాల దగ్గరే ఆగాయి. "చివరిసారి నెలసరి ఎప్పుడమ్మా, సరిగ్గా గుర్తుందా?" అన్నాను. "ఉగాదికి ముందు రోజండి. బాగా గుర్తండి. పచ్చడి నేను కలపలేదండి" అంది. ఆ అమ్మాయి అంత కచ్చితంగా చెప్పినా నేను నమ్మలేదు. పల్లెటూరి పిల్లలకి తేదీలు గుర్తుండవని నాకప్పుడు గట్టి నమ్మకం. "29 వారాల ఎదుగుదల. తేదీ సరిచూడవలెను" అని రాసి పంపించేశాను.

11 రోజులకి మళ్ళీ వచ్చింది. నిన్నటి నుంచి కదలట్లేదండి అంది. ప్రోబు పెట్టగానే గుండె ఆగిపోయి కనబడింది. అప్పుడు నొక్కాను రంగు బటన్. బొడ్డుతాడులో ఎరుపూ లేదు, నీలమూ లేదు. ఆ బటన్ 11 రోజుల క్రితం కూడా అక్కడే ఉంది.

తర్వాత తెలిసింది, మూడో నెలలో పుట్టింటి దగ్గర ఒక స్కానింగు తీశారట. అందులో వారాలు ఉగాది లెక్కకి సరిగ్గా సరిపోయాయి. ఆ కాగితం వాళ్ళమ్మ బీరువాలో ఉండిపోయింది. నేను అడగలేదు.

ఆ రాత్రి ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. డాక్టరు మాటలు ఆయనకి తెలియవు కాబట్టి తూములూ బోదెలూ పెట్టి చెప్పాను. బిడ్డ గుండె తూము, బొడ్డుతాడు కాలవ, మాయ ఆయకట్టు అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మరి శివారు చూడలేదా అమ్మా?" అన్నారు చివరికి. తిట్టడానికి అన్న మాట కాదు అది. నిజంగానే అడిగారు. లేదు నాన్నా అన్నాను.

అప్పటి నుంచి, బిడ్డ చిన్నదిగా కొలతకి వస్తే, తేదీ తప్పని రాసే ముందు మూడు పనులు చేస్తాను. మొదటి మూడు నెలల స్కానింగు కాగితం అడుగుతాను. వారాల లెక్కకి అంతకన్నా నమ్మకమైన ఆధారం లేదు. ఆ తర్వాత డాప్లరు చూస్తాను. చీటీలో రాయకపోయినా చూస్తాను, దానికి డబ్బులు తీసుకోను. రెండు వారాలకి మళ్ళీ పిలిచి ఎదుగుదల కొలుస్తాను. చిన్నగా ఉన్న బిడ్డలందరికీ జబ్బు ఉండదు. అమ్మా నాన్నా పొట్టివాళ్ళయితే బిడ్డా చిన్నదే కావచ్చు. ఆ రెంటినీ విడదీసి చూడటానికే పల్లం కావాలి.

డాప్లరు తొందరపడి చేసే పని కాదు. బిడ్డ ఊపిరి ఆడిస్తున్నట్టు రొమ్ము కదిపినా, ఒళ్ళు విరిచినా కొండలు చెదిరిపోతాయి. ఆగాలి. ప్రోబు నుంచి పోయే కిరణం నాళానికి నిట్టనిలువుగా అడ్డం పడితే, రక్తం పరుగెడుతున్నా తెర మీద ఏమీ కనబడదు. వాలు మార్చి మళ్ళీ చూడాలి. పల్లంలో ఏమీ లేదని రాయాల్సి వస్తే నేను తల్లిని ఎడమ పక్కకి తిప్పి, పది నిమిషాలు ఆగి, తాడులో ఇంకో చోట మళ్ళీ తీస్తాను. ఆ ఒక్క మాట మీద కోతా కాదా అన్నది తేలిపోతుంది కాబట్టి.

2022 జులై వరద ఈ పక్క ఎవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. గోదావరి పాయల మధ్య ఉండే లంకలన్నీ మునిగాయి. వరద తీస్తున్న రోజుల్లో పి.గన్నవరం దిగువ లంక నుంచి ఒకమ్మాయిని పడవ మీద రేవుకి చేర్చి, అక్కడి నుంచి ఆటోలో మా దగ్గరికి తెచ్చారు. కాళ్ళకి నీరు, బీపీ 150/100. పక్కన అత్తగారు, చంకలో ఒక పాలిథిన్ కవరు. "కాగితాలన్నీ ఇందులో ఉన్నాయండి. నీళ్ళొస్తున్నాయంటే ముందు ఇదే బియ్యం డబ్బాలో పెట్టి అటక మీదకి ఎక్కించానండి" అంది ఆవిడ. మూడో నెల స్కానింగు, అయిదో నెల స్కానింగు, ఏడో నెలది. ఒక్కటీ తడవలేదు. ఆవిడ చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది.

మొదటి కాగితం ప్రకారం 31 వారాల 4 రోజులు. బరువు అంచనా 1,100 గ్రాములు. అయిదో నెలలో సరిగానే ఉన్న పొట్ట కొలత ఏడో నెల నుంచి వెనకబడటం మొదలైంది. బొడ్డుతాడు మీద గీత వేశాను. కొండకొమ్ములు ఉన్నాయి. మధ్యలో నేల. పల్లం అడుగుగీతని తాకి నిలబడిపోయింది. మాయలో సగానికి పైగా నాళాలు పనిచేయకపోతే గానీ గీత అలా రాదు.

తర్వాత బిడ్డ మెదడు నాళం చూశాను. అక్కడ పల్లం ఉండాల్సినదాని కన్నా ఎత్తుగా ఉంది. వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఏం చేస్తారు? చేలకి ఆపేసి మంచినీళ్ళ చెరువులు నింపుతారు. లోపలి బిడ్డ కూడా అదే చేస్తుంది. చాలీచాలని రక్తాన్ని ఒళ్ళంతటికీ తగ్గించి మెదడుకి మళ్ళిస్తుంది. కేజీ బరువు దాటీదాటని ప్రాణానికి ఆ తెలివి ఎవరిచ్చారో. కానీ చెరువు నింపుకున్నంత మాత్రాన వేసవి ఎన్నాళ్ళో గడవదు.

అత్తగారు తెరకేసి చూస్తూ "ఏముందండి?" అన్నారు. ఆవిడకి కాలవ భాషలోనే చెప్పాను. "తూము తోసినప్పుడు పారుతోందండి. మధ్యలో నిలబడిపోతోందండి." ఆవిడ ముఖం పాలిపోయింది. "ఎగదన్నలేదు కదండీ?" అన్నారు వెంటనే. అమావాస్యకీ పున్నానికీ సముద్రం పోటెత్తితే మురుక్కాలవల్లో ఉప్పునీరు వెనక్కి ఎగదన్నడం ఆవిడ చూసి ఉంటారు. బొడ్డుతాడులోనూ అచ్చం అదే జరుగుతుంది, నిలబడిపోయిన తర్వాత మెట్టు అదే. రెండు దెబ్బల మధ్య రక్తం వెనక్కి నడుస్తుంది. అప్పటిదాకా ఆగకూడదు. "ఇంకా లేదండి. అందుకే ఇవాళే పంపిస్తున్నాను" అన్నాను.

ప్రసూతి డాక్టరుగారికి ఫోన్ చేశాను. బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి డెక్సామెథాసోన్ మొదటి ఇంజెక్షను మా ఊళ్ళోనే పడింది. 6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి చొప్పున మొత్తం నాలుగు. 108లో ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ. అక్కడ రోజూ డాప్లరు చూశారు. అయిదో రోజు మధ్య గీత వెనక్కి తిరిగింది, ఆ గంటలోనే కోసి తీశారు. ఆడపిల్ల, 1,180 గ్రాములు. తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా కట్టుకుని, అయిదు వారాలు ఆస్పత్రిలోనే ఉన్నారు. ఆ పిల్ల ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది.

తల్లి వైపు కాలవ గురించి కూడా చెప్పాలి. గర్భసంచికి రెండు పక్కల నుంచీ రెండు ధమనులు వస్తాయి. కడుపు లేనప్పుడు నిమిషానికి 50 మిల్లీలీటర్ల చొప్పున పోయే రక్తం, నెలలు నిండేసరికి 500 దాటిపోతుంది. దీనికోసం మాయ కణాలు గర్భసంచి గోడలోకి దిగి, మెలికలు తిరిగిన సన్న నాళాల కండని కరిగించి వెడల్పు చేస్తాయి. ఒక రకంగా పూడిక తీత. అది సగంలో ఆగిపోతే గీతలో కొండ దిగే చోట ఒక నొక్కు మిగిలిపోతుంది. 24 వారాలు దాటాక కూడా రెండు వైపులా ఆ నొక్కు ఉంటే, ఆ తల్లికి బీపీ పెరిగే భయం, బిడ్డ ఎదగని భయం ఎక్కువ. ఇంకా ముందే, 11 నుంచి 14 వారాల మధ్య తీసే స్కానింగులో ఈ ధమనులు చూసి, బీపీతోనూ పాత చరిత్రతోనూ కలిపి లెక్క వేస్తే ఎవరికి ముప్పో ముందే అంచనా దొరుకుతుంది. అలాంటివాళ్ళకి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చేంత బీపీ జబ్బు 62 శాతం తగ్గిందని 2017లో వచ్చిన పెద్ద పరిశోధన చెప్పింది. మాత్ర ఖరీదు చాలా తక్కువ. 16 వారాల్లోపు మొదలుపెడితేనే పూర్తి ఫలితం. మా దగ్గరికి ఎక్కువమంది వచ్చేది అయిదో నెలలో. ఇదే నా బాధ. మూడో నెల స్కానింగుకి "ఇప్పుడే ఎందుకులే, బయటికి తెలిస్తే దిష్టి" అని ఆపే పెద్దవాళ్ళకి చేతులు జోడించి చెప్తున్నాను, పంపించండి. ఎవరికీ చెప్పకండి, కానీ పంపించండి. (డాక్టరు రాయకుండా ఆస్పిరిన్ మాత్రం ఎవరూ వేసుకోకండి.)

అలాగని ప్రతి గర్భిణికీ నెలనెలా డాప్లరు అక్కర్లేదు. బీపీ, షుగరు, ఎదగని బిడ్డ, కవలలు, ముందు కాన్పులో బిడ్డ పోవడం, ఇలాంటి ముప్పులున్నవాళ్ళలో బొడ్డుతాడు డాప్లరు వల్ల బిడ్డల మరణాలు 29 శాతం దాకా తగ్గాయని పరిశోధనలన్నీ కలిపి చూసిన లెక్క ఉంది. ఏ ముప్పూ లేనివాళ్ళలో అలాంటి లాభం కనబడలేదు. మొదటి మూడు నెలల్లో అయితే, చిన్న పిండం మీద ఒకేచోట ఆ కిరణం నిలిపితే వేడి పుడుతుంది కాబట్టి, అవసరం లేకుండా వాడకూడదు. గుండె చప్పుడు వినిపించమని ఆరో వారంలో అడిగితే నేను వినిపించను. కొట్టుకోవడం తెర మీద చూపిస్తాను.

పిల్లల కోసం తిరుగుతున్న దంపతులకి "గర్భసంచికి రక్తం అందుతోందా" అని ఖరీదైన డాప్లర్లు వరసగా రాసేవాళ్ళున్నారు. ఆ నంబరు చూసి వైద్యం మార్చేంత గట్టి రుజువు దానికి లేదు. పుస్తెలు తాకట్టు పెట్టి ఆ పరీక్షలు చేయించుకోకండి.

కడుపుతో లేనివాళ్ళ విషయంలో ఒక్కటి చెప్పి తీరాలి. పెళ్ళి కాని ఆడపిల్లకి ఉన్నట్టుండి ఒక పక్క పొత్తికడుపులో పొడిచినట్టు నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడిందేమో చూడాలి. అండాశయానికి రెండు వైపుల నుంచి రక్తం వస్తుంది. మెలి పడ్డా ఒక వైపు నుంచి కొంత పారుతూనే ఉండొచ్చు. తెర మీద రంగు కనబడింది కదా, ఏం లేదు అని పంపేస్తే అండాశయం కుళ్ళిపోతుంది. వాచిన తీరు, మెలి తిరిగిన తాడు, పిల్ల నొప్పి, ఇవన్నీ కలిపే చూడాలి. "పెళ్ళికాని పిల్లకి స్కానింగేమిటి, నలుగురూ ఏమనుకుంటారు" అని రెండు రోజులు వామునీళ్ళు తాగించి తెచ్చిన పిల్లని చూశాను. ఇంక చూడాలని లేదు.

రెండు మూడు ఆపరేషన్ కాన్పులైనవాళ్ళు కూడా మళ్ళీ కడుపొస్తే తొందరగా రండి. మన రాష్ట్రంలో 2019–21 సర్వే ప్రకారం 42 శాతం కాన్పులు కోతలే. పాత కుట్టు మీద మాయ పాతుకుపోతే, అక్కడ నాళాలు గోడ దాటి మూత్రాశయం వైపు పాకడం రంగులో ముందే కనబడుతుంది. కాన్పు రోజున తెలిస్తే బల్ల మీద రక్తం వరదే. ముందే తెలిస్తే రక్తం సీసాలు సిద్ధం చేసుకున్న పెద్దాస్పత్రిలో పురుడు పోయొచ్చు.

మొన్న శుక్రవారం లంక అమ్మాయి మళ్ళీ వచ్చింది. 12 వారాలు. అత్తగారూ వచ్చారు, అదే పాలిథిన్ కవరు, లోపల 2022 నాటి కాగితాలతో సహా. గర్భసంచి ధమనులు రెండూ చూశాను. ఎడమవైపు కొంచెం బిగువుగానే ఉంది. బీపీ 124/80. డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్తే, ఆ రాత్రి నుంచే ఆస్పిరిన్ రాశారు.

"ఈసారి మధ్యలో పారుద్దాండి?" అన్నారు అత్తగారు.

బొడ్డుతాడు గీత చూడటానికి ఇది వేళ కాదని చెప్పి, 20 వారాలకీ 24 వారాలకీ రావాల్సిన తేదీలు కవరు మీదే పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.